లినక్స్ కెర్నెల్‌లో 64 బిట్ ఎమ్‌ఎమ్‌ఐఓ: రీడ్‌క్యూ, రైట్‌క్యూ కుటుంబంపై సమీక్ష

పరికరంలో 64 బిట్ల రిజిస్టర్ ఉంది. ప్రాసెసర్ దాన్ని మెమరీ చిరునామాలా తాకుతుంది, ఆ పద్ధతి పేరే ఎమ్‌ఎమ్‌ఐఓ. డ్రైవర్ దాన్ని ఎలా చదవాలి? 64 బిట్ ప్రాసెసర్ మీద జవాబు ఒక్క మాటే: 64 బిట్లు చదివే ఫంక్షన్ రీడ్‌క్యూ (రాసేది రైట్‌క్యూ). 32 బిట్ ప్రాసెసర్ మీద ఆ పేరే లేకపోవచ్చు, ఉన్నా అది చేసే పని వేరు కావచ్చు. ఈ తేడాలో ఎంత భాగాన్ని లినక్స్ కెర్నెల్ తానే మోస్తోందో, ఎంత భాగాన్ని డ్రైవర్ రాసేవాళ్లకు వదిలేసిందో చూడటానికే ఈ సమీక్ష. రీడ్‌క్యూ, రైట్‌క్యూ, వాటిని 32 బిట్ మీద రెండుగా విడగొట్టే హెడర్లు, ఐఓరీడ్64, రెగ్‌మ్యాప్, అంతకన్నా వెడల్పైన 64 బైట్ల రాతలు ఇందులోకి వస్తాయి.

తీర్పు ముందే చెబుతున్నాం. సరుకు గట్టిది. 64 బిట్ కెర్నెల్‌కు మాత్రమే రాసే డ్రైవర్‌కు ఇంతకన్నా అడగాల్సింది పెద్దగా లేదు. 32 బిట్‌కు కూడా రాయాల్సి వస్తే మాత్రం ఒక హెడర్ చేర్చేసి పని అయిపోయిందనుకోకండి. ఇబ్బందంతా మొదలయ్యేది అక్కడే.

ముందుగా మామూలు వాడకం. రీడ్‌బి, రీడ్‌డబ్ల్యూ, రీడ్‌ఎల్, రీడ్‌క్యూ వరుసగా 8, 16, 32, 64 బిట్లు చదువుతాయి. నాలుగూ పరికరాన్ని లిటిల్ ఎండియన్‌గానే (చిన్న విలువ బైటు ముందు ఉండేదిగా) చూస్తాయి. ప్రాసెసర్ బిగ్ ఎండియన్ అయితే బైట్లను తిప్పే పని కూడా వాటిదే. క్రమం పూచీ కూడా వీటిలోనే ఉంది. డిస్క్రిప్టర్‌ను (చేయాల్సిన పని వివరాలను) కోహెరెంట్ డీఎమ్‌ఏ మెమరీలో (పరికరం నేరుగా చదివే మెమరీలో) రాసి, వెంటనే రైట్‌క్యూతో డోర్‌బెల్ (పని ఉందని పరికరానికి చెప్పే రిజిస్టర్) కొడితే, డిస్క్రిప్టర్ రాత పరికరానికి ముందే కనిపిస్తుంది. మధ్యలో విడిగా రైట్ బారియర్ (రాతల క్రమం తప్పకుండా చూసే ఇన్‌స్ట్రక్షన్) పెట్టనక్కర్లేదు. పేరు చివర రిలాక్స్‌డ్ అని ఉండే రకాల్లో మెమరీతో ఈ క్రమం పూచీ ఉండదు. ఎక్స్86 మీద రెంటికీ తేడా దాదాపు తెలియదు, ఆర్మ్64 మీద మాత్రం రిలాక్స్‌డ్‌తో ఒక బారియర్ ఇన్‌స్ట్రక్షన్ ఆదా అవుతుంది. కాబట్టి మొదట మామూలు రకంతోనే రాయండి. ప్రతి ప్యాకెట్‌కూ నడిచే దారిలో కొలిచి చూశాకే రిలాక్స్‌డ్‌కు మారండి. పేరు ముందు 'రా' అని ఉన్నవాటిలో బైట్లు తిప్పడమూ లేదు, బారియరూ లేదు. పరికరం బిగ్ ఎండియన్ అయి, విలువను మీరే ముందుగా తిప్పి పెట్టుకున్నప్పుడే వాటికి చోటు.

ఇంకో మాట: రైట్‌క్యూ తిరిగొచ్చిందంటే విలువ పరికరానికి చేరిపోయిందని కాదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో మెమరీ రాత పోస్టెడ్, అంటే ప్రాసెసర్ జవాబు కోసం ఆగదు. చేరిందని ఖాయం చేసుకోవాలంటే అదే పరికరం నుంచి ఏదైనా రిజిస్టర్‌ను తిరిగి చదవాలి. ఆ చదువు రాతను దాటి ముందుకు పోలేదు. అలాగని ప్రతి రాత తర్వాతా చదవకండి. చదువుకు పరికరం దాకా వెళ్లి రావాల్సిందే, ఆ సేపూ ప్రాసెసర్ ఖాళీగా నిలబడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. చాలా 32 బిట్ ఆర్కిటెక్చర్ల మీద 64 బిట్లను ఒకే బస్ లావాదేవీగా పంపే పూచీ ఉన్న ఇన్‌స్ట్రక్షన్ కెర్నెల్ చేతిలో లేదు. అందుకే అక్కడ రీడ్‌క్యూ నిర్వచనమే ఉండదు, డ్రైవర్ కంపైల్ కాదు. ఇది మంచి నిర్ణయం. కుదరని పనిని కుదిరినట్టు చూపించే కన్నా బిల్డ్ ఆగిపోవడమే నయం. దీనికి మందుగా కెర్నెల్ రెండు హెడర్లు ఇస్తోంది: ఐఓ-64-నాన్‌అటామిక్-లో-హై, ఐఓ-64-నాన్‌అటామిక్-హై-లో. మొదటిది కింది 32 బిట్లను, అంటే ఆఫ్‌సెట్ 0ను ముందు తాకి, తర్వాత ఆఫ్‌సెట్ 4కు వెళుతుంది. రెండోది దీనికి తలకిందులు.

ఈ హెడర్లు రెండు పనులు చేస్తాయి, చాలామంది ఒకటే గమనిస్తారు. ఒకటి, లో-హై-రీడ్‌క్యూ, హై-లో-రీడ్‌క్యూ లాంటి స్పష్టమైన పేర్లు ఇస్తాయి. ఇవి 64 బిట్ కెర్నెల్ మీద కూడా రెండు 32 బిట్ చదువులే చేస్తాయి. రెండోది, రీడ్‌క్యూ అనే పేరు అప్పటికి లేకపోతే దాన్ని ఆ విడగొట్టిన రకానికి తగిలిస్తాయి. మేం అభ్యంతరం చెప్పేది ఈ రెండో పనికే. కోడ్‌లో రీడ్‌క్యూ అని ఒకటే మాట కనిపిస్తుంది. 64 బిట్ మీద అది ఒక లావాదేవీ, 32 బిట్ మీద రెండు. ఫైలు పైనున్న ఒక్క ఇన్‌క్లూడ్ లైను చదివితే తప్ప ఆ సంగతి తెలియదు. పైగా ఆ లైను ఎలా వచ్చి చేరుతుందో చూడండి. 32 బిట్ బిల్డ్‌లో రీడ్‌క్యూ దొరకలేదని ఎర్రర్ వస్తుంది, ఎవరో హెడర్ చేరుస్తారు, బిల్డ్ పచ్చగా మారుతుంది, ప్యాచ్ లోపలికి వెళ్లిపోతుంది. ఆ పరికరానికి ఏ సగం ముందు కావాలి, రెండు సగాల మధ్య ఏం జరగొచ్చు అన్న ప్రశ్న ఎవరూ వేసి ఉండరు. మా సలహా ఒకటే: సగాలుగా తాకడం పరికరానికి సమ్మతమైతే లో-హై అనో హై-లో అనో పేరుతోనే రాయండి. సమ్మతం కాకపోతే కెర్నెల్ బిల్డ్ ఎంపికలు ఉండే కేకాన్‌ఫిగ్‌లో డ్రైవర్‌ను 64 బిట్‌కు కట్టేయండి.

సమ్మతమో కాదో తేల్చడానికి కెర్నెల్‌లోనే మంచి నమూనాలు ఉన్నాయి.

ఎస్‌ఎస్‌డీలను నడిపే ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవర్‌నే తీసుకోండి. కంట్రోలర్ సామర్థ్యాల రిజిస్టర్ క్యాప్ 64 బిట్లు, ఆఫ్‌సెట్ 0లో ఉంటుంది. అడ్మిన్ సబ్మిషన్ క్యూ చిరునామా హెక్స్ 28లో, కంప్లీషన్ క్యూ చిరునామా హెక్స్ 30లో ఉంటాయి. అన్నీ 64 బిట్లే. అయినా డ్రైవర్ వీటిని 64 బిట్ యంత్రాల మీద కూడా లో-హై రకంతోనే తాకుతుంది. క్యాప్ విలువ మధ్యలో మారేది కాదు. క్యూ చిరునామాలు రాసేది కంట్రోలర్ ఎనేబుల్ బిట్ 0గా ఉన్నప్పుడు, అంటే సగం రాసిన చిరునామాను పరికరం వాడే అవకాశమే లేనప్పుడు. ఇలాంటి చోట్ల విడగొట్టడం వల్ల పోయేది లేదు. 64 బిట్ లావాదేవీని సరిగా మోయలేని వంతెనో పరికరమో తగిలినా పని నడుస్తుంది.

ఎక్స్‌హెచ్‌సీఐ యూఎస్‌బీ డ్రైవర్ కూడా కింది సగాన్నే ముందు రాస్తుంది, కారణం వేరు. కొన్ని కంట్రోలర్లకు 64 బిట్ చిరునామాలే తెలియవు. ఏసీ64 అనే సామర్థ్య బిట్ చూస్తే ఆ సంగతి తేలుతుంది. అలాంటి కంట్రోలర్‌కు పని చేసేది కింది సగమే.

ఆర్మ్ వారి జీఐసీ వెర్షన్ 4 ఇంటరప్ట్ కంట్రోలర్‌లో క్రమం ఇంకా కీలకం. వర్చువల్ ఇంటరప్ట్‌ల పెండింగ్ టేబుల్ చిరునామా ఉండే వీపెండ్‌బేసర్ రిజిస్టర్‌లో వ్యాలిడ్ బిట్ 63వ స్థానంలో, అంటే పై సగంలో ఉంటుంది. అది 1గా ఉండగా మిగతా బిట్లను మార్చకూడదు. 32 బిట్ ఆర్మ్ కోడ్ ముందు పై సగాన్ని చదివి, వ్యాలిడ్ ఉంటే దాన్ని తీసేసి తిరిగి రాస్తుంది. తర్వాత కింది సగం రాస్తుంది, చివరగా వ్యాలిడ్‌తో కలిపి పై సగం రాస్తుంది. ఇక్కడ హై-లో క్రమం వాడితే కింది సగం ఇంకా పాతదిగా ఉండగానే టేబుల్ చెల్లుబాటు అయిపోతుంది. 'పరికరాన్ని కదిలించే బిట్ ఏ సగంలో ఉందో ఆ సగాన్ని చివర రాయాలి' అన్న సూత్రానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకదు.

చదివితే చెరిగిపోయే రిజిస్టర్లలో తప్పు మరోలా బయటపడుతుంది. ఇంటెల్ 8254ఎక్స్ గిగాబిట్ కంట్రోలర్లలో అందుకున్న బైట్ల లెక్క రెండు 32 బిట్ రిజిస్టర్లుగా ఉంటుంది. పై సగం చదవగానే మొత్తం లెక్క సున్నాకు పోతుంది. కింది సగాన్నే ముందు చదవాలి. హై-లో క్రమంలో చదివితే కింది సగం సున్నా దగ్గర కనిపిస్తుంది, గణాంకాలు ఎప్పుడూ తక్కువ చూపిస్తాయి, ఎర్రర్ మాత్రం ఎక్కడా రాదు. రెండు విడి 32 బిట్ చదువులే చేయాలని ఆ పరికరం మాన్యువల్ చెబుతోంది కాబట్టి 64 బిట్ యంత్రం మీద కూడా ఇక్కడ రీడ్‌క్యూ జోలికి పోకూడదు.

ఆగకుండా నడిచే కౌంటర్లకు ఈ రెండు హెడర్లలో ఏదీ చాలదు. కింది సగం నిండి పొంగే క్షణంలో లో-హైతో చదివితే పాత కింది సగం, కొత్త పై సగం వస్తాయి. కాలం 2 ఘాతం 32 టిక్కులు ముందుకు దూకుతుంది. హై-లోతో అయితే పాత పై సగం, కొత్త కింది సగం వచ్చి అంతే వెనక్కి పడుతుంది. 10 మెగాహెర్ట్జ్ కౌంటర్‌లో కింది సగం పొంగడానికి దాదాపు 429 సెకండ్లు పడుతుంది. అంటే ఏడు నిమిషాలకోసారి, అదీ రెండు చదువుల మధ్య ఉండే చిన్న సందులో మాత్రమే ఈ తప్పు దొర్లుతుంది. దొర్లితే గడియారం ఒక్కసారిగా ఏడు నిమిషాలు తప్పుతుంది. పరీక్షలో చిక్కదు, వాడుకలో చిక్కుతుంది. సరైన పద్ధతి పాతదే: పై సగం చదవండి, కింది సగం చదవండి, పై సగం మళ్లీ చదవండి. రెండు పై సగాలూ ఒకటి కాకపోతే మొదటి నుంచి మళ్లీ చేయండి. ఈ లూప్‌కు సహాయ ఫంక్షన్ ఈ హెడర్లలో లేదు, ఎవరి డ్రైవర్‌లో వాళ్లే రాసుకోవాలి. ఈ కుటుంబంలో మాకు అన్నిటికన్నా ఎక్కువ లోటుగా కనిపించేది ఇదే.

రాతలోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. 32 బిట్ రిస్క్-ఫైవ్‌లో టైమర్ పోలిక రిజిస్టర్ ఎమ్‌టైమ్‌కంప్‌కు కొత్త విలువ రాసే పద్ధతిని నిర్దేశాల పత్రమే చూపిస్తుంది. ముందు కింది సగంలో అన్నీ ఒకట్లు రాయాలి, తర్వాత పై సగంలో కొత్త విలువ, చివరగా కింది సగంలో కొత్త విలువ. రెండు రాతలు చాలుకదా అనుకుంటే మధ్యలో పోలిక విలువ ఇప్పటి సమయం కన్నా తక్కువగా కనిపించి, రాకూడని టైమర్ ఇంటరప్ట్ రావచ్చు. మొదట రాసే అన్నీ ఒకట్లే ఆ సందును మూసేస్తాయి.

లాక్ పెడితే సరిపోదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. సగమే సరిపోతుంది. రెండు కోర్లు ఒకే డోర్‌బెల్‌ను సగం సగంగా రాస్తే ఒకరి కింది సగం, ఇంకొకరి పై సగం కలిసిపోతాయి. దాన్ని స్పిన్‌లాక్ (ఒకసారికి ఒక కోర్‌నే లోపలికి వదిలే లాక్) ఆపుతుంది. ఇంటరప్ట్ హ్యాండ్లర్ కూడా అదే రిజిస్టర్‌ను తాకేటట్లయితే ఇంటరప్ట్‌లను ఆపే ఐఆర్‌క్యూసేవ్ రకం వాడాలి. ఇన్ఫినిబ్యాండ్ డ్రైవర్ ఎమ్‌టీహెచ్‌సీఏ దీన్ని నీటుగా చేసింది. 64 బిట్ మీద ఒకే రా-రైట్‌క్యూ, లాక్ వేరియబుల్ కూడా ఉండదు. 32 బిట్ మీద అదే ఫంక్షన్ లాక్ పట్టుకుని రెండు రాతలు చేస్తుంది. అయితే లాక్‌ను చూసేది ప్రాసెసర్లే, పరికరం కాదు. మొదటి సగం చేరగానే పని మొదలుపెట్టే పరికరాన్ని ఏ లాకూ ఆపలేదు.

ఐఓరీడ్64 గురించి కొద్దిగా. ఐఓరీడ్ కుటుంబం మెమరీ మ్యాప్ అయినా, విడి ఇన్‌స్ట్రక్షన్లతో తాకే పోర్ట్ ఐఓ అయినా ఒకే పేరుతో నడుస్తుంది. కానీ ఎక్స్86 పోర్ట్ ఇన్‌స్ట్రక్షన్ల గరిష్ఠ వెడల్పు 32 బిట్లే. అందుకని ఆ బార్ (పీసీఐ పరికరం రిజిస్టర్లు ఉండే చిరునామా ప్రాంతం) పోర్ట్ ఐఓ అయితే 64 బిట్ యంత్రం మీద కూడా అది రెండు ముక్కలే. పరికరానికి మెమరీ బార్ మాత్రమే ఉందని తెలిస్తే రీడ్‌క్యూనే వాడండి.

రిజిస్టర్లను ఒకే తీరుగా తాకనిచ్చే కెర్నెల్ పొర రెగ్‌మ్యాప్ మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లకు నిరాశే. రెగ్‌మ్యాప్-రీడ్ విలువను అన్‌సైన్డ్ ఇంట్‌లో తిరిగి ఇస్తుంది, పై 32 బిట్లు బయటికి రావడానికి దారే లేదు. ఎమ్‌ఎమ్‌ఐఓ భాగంలో ఒకప్పుడు ఉన్న 64 బిట్ కోడ్‌ను, వాడేవాళ్లు లేక, రూపకల్పనలోనే సరిగా లేక, 2022లో తీసేశారు. 64 బిట్ రిజిస్టర్‌ను రెండు 32 బిట్ రిజిస్టర్లుగా చూపించడం కుదిరితే సరే, లేకపోతే ఆ ఒక్కదానికి నేరుగా రీడ్‌క్యూ వాడటమే మేలు.

యాక్సెసర్లు (రీడ్‌క్యూ లాంటి ఫంక్షన్లు) వాడకుండా, పాయింటర్‌ను వొలటైల్‌గా మార్చి నేరుగా డీరిఫరెన్స్ చేసే అలవాటు ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. మానేయాల్సిన అలవాటది. ఆర్మ్64 మీద యాక్సెసర్లు ఇన్‌లైన్ అసెంబ్లీలో ఎందుకు ఉన్నాయో తెలిస్తే కారణం అర్థమవుతుంది. కెర్నెల్ వర్చువల్ మెషీన్‌లో నడుస్తున్నప్పుడు ఎమ్యులేట్ చేసిన పరికరాన్ని తాకితే హైపర్‌వైజర్‌కు ట్రాప్ వస్తుంది. ఏ రిజిస్టర్, ఎంత వెడల్పు అన్నది హార్డ్‌వేర్ సిండ్రోమ్ అనే రిజిస్టర్‌లో చెబుతుంది. జంటగా చదివే ఎల్‌డీపీ, చిరునామాను తానే పెంచుకునే రైట్‌బ్యాక్ రకాలకు ఆ వివరం ఉండదు, ఎమ్యులేషన్ అక్కడే ఆగిపోతుంది. కంపైలర్‌కు స్వేచ్ఛ ఇస్తే సరిగ్గా అలాంటి ఇన్‌స్ట్రక్షనే ఎంచుకోవచ్చు. నిజమైన బోర్డు మీద నడిచిన డ్రైవర్ వర్చువల్ మెషీన్‌లో కూలిపోతే ముందు ఇక్కడే వెతకండి. కోడ్ తనిఖీ సాధనం స్పార్స్‌ను మేక్‌లో సీ=1తో నడిపితే ఐఓమెమ్ గుర్తు ఉన్న పాయింటర్‌ను నేరుగా తాకిన చోట్లు బయటపడతాయి. చిరునామా 8 బైట్ల హద్దు మీద ఉండాలన్నది కూడా మరవొద్దు. ఆర్మ్64 డివైస్ మెమరీలో హద్దు తప్పిన యాక్సెస్ నేరుగా ఫాల్ట్ అవుతుంది.

64 బిట్లు దాటితే పరిస్థితి మారిపోతుంది. 128 బిట్లకు అన్ని ఆర్కిటెక్చర్ల మీదా నడిచే యాక్సెసర్ లేదు. 64 బైట్ల రాతకు పాత దారి రైట్ కంబైనింగ్ (చిన్న రాతలను కలిపి పంపడం): ఐఓరీమ్యాప్-డబ్ల్యూసీతో మ్యాప్ చేసి, ఐఓరైట్64-కాపీతో వరుసగా ఎనిమిది 64 బిట్ రాతలు చేస్తే, ప్రాసెసర్ బఫర్ వాటిని ఒకే ప్యాకెట్‌గా కలపవచ్చు. ఇక్కడ 'వచ్చు' అన్నదే ముఖ్యం. మధ్యలో ఇంటరప్ట్ వచ్చినా, బఫర్ ఇంకో పనికి ఖాళీ చేయాల్సి వచ్చినా రాత ముక్కలవుతుంది. కలిస్తే వేగం, కలవకపోయినా ఫలితం సరిగ్గా ఉండే చోటే దీన్ని వాడాలి. ఆర్మ్64 మీద రాతలు కలిసే అవకాశం పెరిగేలా లినక్స్ 6.10లో ఈ కాపీ ఫంక్షన్లను తిరగరాశారు. వరుస రాతల మధ్య వేరే ఇన్‌స్ట్రక్షన్ దూరకుండా ఒకే బ్లాకుగా వస్తాయి. నెట్‌వర్క్ కార్డుల డ్రైవర్ ఎమ్‌ఎల్‌ఎక్స్5 అయితే రైట్ కంబైనింగ్ నిజంగా పని చేస్తోందో లేదో హార్డ్‌వేర్ మీద పరీక్షించి చూసుకుంటుంది. అంత జాగ్రత్త అనవసరం కాదు. మెమ్‌కాపీ-టుఐఓ మాత్రం ఈ పనికి వద్దు. అది ఏ వెడల్పుకూ మాట ఇవ్వదు.

నిజంగా విడిపోని 64 బైట్ల రాత కావాలంటే ఎక్స్86లో మూవ్‌డిర్64బీ ఇన్‌స్ట్రక్షన్ ఉంది. కెర్నెల్‌లో దానికి ఐఓసబ్మిట్-కమాండ్స్512 అనే ఫంక్షన్ ఉంది, ఇంటెల్ డేటా స్ట్రీమింగ్ యాక్సిలరేటర్ డ్రైవర్ ఐడీఎక్స్‌డీ దాన్ని వాడుతుంది. గమ్యం 64 బైట్ల హద్దు మీదే ఉండాలి, లేకపోతే ఫాల్ట్. మూలం నుంచి చదవడం ఒకే ముక్కలో జరుగుతుందన్న పూచీ లేదు, అందుకే డిస్క్రిప్టర్‌ను పూర్తిగా నింపి, ఇంకెవరూ ముట్టని స్థితిలోనే పంపాలి. రైట్‌క్యూలో ఉన్న క్రమం పూచీ ఇక్కడ లేదు. ముందు రైట్ బారియర్ మీరే పెట్టాలి, ఐడీఎక్స్‌డీ అలాగే చేస్తుంది. ఇది పోస్టెడ్ రాత కాబట్టి క్యూ నిండిపోయి ఉంటే డిస్క్రిప్టర్ చప్పుడు లేకుండా పోతుంది. ఎన్ని పంపామో డ్రైవరే లెక్క పెట్టుకోవాలి. పలువురు పంచుకునే క్యూకు ఈఎన్‌క్యూసీఎమ్‌డీఎస్ ఇన్‌స్ట్రక్షన్ వాడతారు. అది పరికరం జవాబు కోసం ఆగి, తీసుకుందో లేదో చెబుతుంది. తీసుకోకపోతే మళ్లీ ప్రయత్నించాలి, ఎన్నిసార్లన్నదానికి హద్దు పెట్టుకోవాలి. ఆర్మ్ వైపు 8.7 వెర్షన్‌లో ఎస్‌టీ64బీ, జవాబుతో సహా వచ్చే ఎస్‌టీ64బీవీ ఉన్నాయి. రెండు ఆర్కిటెక్చర్లనూ ఒకే పేరు కిందికి తెచ్చే యాక్సెసర్ కెర్నెల్‌లో లేదు, డ్రైవర్‌లో విడివిడిగా రాయాల్సిందే.

రస్ట్ భాషలో రాసే డ్రైవర్లకు ఇచ్చిన ఐఓ పొర ఈ విషయంలో ముచ్చటగా ఉంది. 64 బిట్ రీడ్, రైట్ మెథడ్లు 64 బిట్ కెర్నెల్‌లోనే ఉంటాయి, పేరు చాటున విడగొట్టడం లేదు. ఆఫ్‌సెట్ హద్దులో ఉందో లేదో, సరిగా అమరిందో లేదో కంపైల్ సమయంలోనే పట్టుకుంటుంది. సీ వైపు కూడా ఈ కచ్చితత్వం రావాలని కోరుకుంటున్నాం.

పరీక్షకు, యంత్రాన్ని ఎమ్యులేట్ చేసే క్యూఎమ్యూ బాగా పనికొస్తుంది, ఒక మెలిక తెలిస్తే. పరికరం నమూనాలో ఇంప్లిమెంటేషన్ గరిష్ఠ వెడల్పు చెప్పకపోతే అది 4 బైట్లు అనుకుని 8 బైట్ల యాక్సెస్‌ను రెండుగా చీల్చేస్తుంది. మీ రీడ్‌క్యూ ఒకే లావాదేవీగా వస్తుందో లేదో చూడాలంటే వ్యాలిడ్ (గెస్ట్‌కు అనుమతించే వెడల్పు), ఇంప్ల్ (నమూనా స్వయంగా చేసే వెడల్పు) రెండింటిలోనూ గరిష్ఠాన్ని 8గా రాయండి. ఆ తర్వాత వ్యాలిడ్‌ను 4కు దించి, గెస్ట్ ఎర్రర్ల లాగ్ తెరిచి మళ్లీ నడపండి. 64 బిట్‌గా తాకుతున్న ప్రతి చోటూ లాగ్‌లో కనిపిస్తుంది. నిజమైన ఆర్మ్64 బోర్డు మీద అయితే ఆర్‌డబ్ల్యూఎమ్‌ఎమ్‌ఐఓ ట్రేస్ ఈవెంట్లు ప్రతి యాక్సెస్ వెడల్పునూ, విలువనూ చూపిస్తాయి.

పరికరం ఊడిపోయినప్పుడు ఏమవుతుందో కూడా ఈ పరీక్షలోనే చూడండి. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో జవాబు రాని చదువుకు సాధారణంగా అన్నీ ఒకట్లే వస్తాయి. రీడ్‌క్యూ ఒకే లావాదేవీ అయితే 64 బిట్లూ ఒకట్లే, పట్టుకోవడం తేలిక. విడగొట్టిన రకంలో కింది సగం చదివాక పరికరం పోతే, కింద సరైన విలువ, పైన ఒకట్లు కలిసిన ఒక సంఖ్య చేతికొస్తుంది. మొత్తం 64 బిట్లూ ఒకట్లా అని చూసే తనిఖీని అది దాటిపోతుంది. అందుకే విడగొట్టి చదివిన చోట రెండు సగాలనూ వేర్వేరుగా తనిఖీ చేయండి. పై సగంలో అన్నీ ఒకట్లు రావడం ఆ రిజిస్టర్‌కు సహజమే అయితే, ఎప్పుడూ అన్నీ ఒకట్లు కాని మరో రిజిస్టర్‌ను వెంటనే చదివి పరికరం ఉందని తేల్చుకున్నాకే ఆ విలువను వాడండి.